వశిష్ఠ గట్టున అరుంధతి

మా ఊరి ఫొటో స్టూడియోలో పెళ్ళి ఆల్బమ్‌లు తిరగేస్తే ప్రతిదాంట్లోనూ ఒక ఫొటో తప్పకుండా ఉంటుంది. పెళ్ళికొడుకు చెయ్యెత్తి ఆకాశం వైపు వేలు చూపిస్తుంటాడు. పెళ్ళికూతురు ఆ వేలి కొసన చూపు నిలుపుతుంది. పక్కన పురోహితుడు. అరుంధతీ దర్శనం. వేలుంది, చూపుంది, పందిరికి కట్టిన మామిడాకుల ఈనెలు కూడా లెక్కపెట్టొచ్చు. అరుంధతి మాత్రం ఏ ఆల్బమ్‌లోనూ లేదు.

ఈ మాట స్టూడియో నడిపే కుర్రాడితో అన్నాను. పదేళ్ళకు పైగా పెళ్ళిళ్ళు తీస్తున్న చెయ్యి అతనిది. కాసేపు ఆలోచించి, "ఫ్లాష్ వేస్తాం కదండీ మాస్టారూ, చుక్కలెక్కడ పడతాయి?" అన్నాడు. మళ్ళీ తనే అడిగాడు: "అసలు ఈ కెమెరాలో పడతాయాండీ?"

పడతాయి. పెద్ద టెలిస్కోపు అక్కర్లేదు, కొండమీద వేధశాల అక్కర్లేదు. పెళ్ళిళ్ళు తీసే కెమెరా, 50 మిల్లీమీటర్ల లెన్సు, కదలని స్టాండు, వీటన్నిటికంటే ముందు ఓపిక ఉంటే చాలు. మాఘమాసం అమావాస్యనాడు మేమిద్దరం చేసిన పని ఇదే. దాన్ని వరసగా చెబుతాను. మీ ఊళ్ళో మీరూ చెయ్యొచ్చు.

చీకటి రాత్రిని ఎంచుకోవడం

చుక్కల ఫొటోలకు చంద్రుడు లేని రాత్రి కావాలి. పౌర్ణమి వెన్నెల ఆకాశమంతటినీ తెల్లబరిచి మసక చుక్కల్ని మింగేస్తుంది. మన పంచాంగంలో అలాంటి చీకటి రాత్రి ఒకటి జాగరణతో సహా రాసిపెట్టే ఉంది. అదే మహాశివరాత్రి. మాఘ బహుళ చతుర్దశి అంటే అమావాస్యకు ముందురోజు. ఆ రాత్రి చంద్రుడు తెల్లవారబోయే వేళ సన్నని రేఖగా ఉదయిస్తాడు. అప్పటిదాకా ఆకాశం పూర్తిగా చుక్కలదే.

మా కోనసీమకు ఆ రోజులు మరో విధంగా కూడా కలిసొస్తాయి. వర్షాకాలంలో మబ్బులు. కార్తీకం దాకా తుఫాన్ల భయం. పుష్యంలో పొగమంచు. మాఘం చివరికి మంచు పలచబడుతుంది, ఎండలు ఇంకా ముదరవు. శివరాత్రినాడు గుడుల దీపాల వెలుగు ఎక్కువగా ఉంటుంది కాబట్టి మేం మర్నాటి అమావాస్యను ఎంచుకున్నాం.

కొబ్బరిచెట్టు, ధ్రువనక్షత్రం

మొదట పెరట్లోనే మొదలుపెడదామనుకున్నాం. కోనసీమ పెరడంటే కొబ్బరితోటే. నడినెత్తిన ఒక ముక్క ఆకాశం తప్ప మిగతా దిక్కులన్నీ మట్టలు కమ్మేశాయి. దీని వెనక చిన్న లెక్క ఉంది.

భూమధ్యరేఖ నుంచి మనం ఎన్ని డిగ్రీలు ఉత్తరాన ఉంటే, ధ్రువనక్షత్రం దిగంతం మీద దాదాపు అన్ని డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. లండన్‌లో అది 51 డిగ్రీలు దాటుతుంది, ఢిల్లీలో 28 దాటుతుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ఉన్న మన నేలమీద 16న్నర డిగ్రీలే. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. అంటే మనకు ధ్రువుడు పిడికిలిన్నర ఎత్తులో ఉంటాడు. ఇరవై మీటర్ల కొబ్బరిచెట్టు ఉత్తరాన అడ్డం ఉంటే, దాన్నుంచి సుమారు డెబ్బై మీటర్లు వెనక్కి జరిగితేగాని ఆ చుక్క కనపడదు. అంత ఖాళీ ఏ పెరట్లో ఉంది? కోనసీమలో పుట్టి పెరిగినా ధ్రువనక్షత్రాన్ని ఎప్పుడూ చూడనివాళ్ళు చాలామంది ఉండడానికి కారణం ఇదే.

అందుకని కెమెరా, స్టాండు, చాప, ఫ్లాస్కు నిండా టీ బండి మీద పెట్టుకుని సఖినేటిపల్లికి దిగువన ఏటిగట్టుకు వెళ్ళాం. అక్కడ వశిష్ఠ గోదావరి అంతర్వేది వైపు దక్షిణంగా సాగుతుంది. ఎగువకు చూస్తే ఉత్తరం, దిగువకు చూస్తే దక్షిణం, రెండూ నీటిమీదుగా తెరుచుకుంటాయి. ఎగువన, అవతలి ఒడ్డు నరసాపురం దీపాలకు కాస్త పైన, ధ్రువుడు ఒంటరిగా కనిపించాడు. దిగువన సముద్రం వైపు, రెండు పిడికిళ్ళ ఎత్తున అగస్త్యుడు. రాత్రి ఆకాశంలో లుబ్ధకం తర్వాత అంత ప్రకాశమైన నక్షత్రం మరొకటి లేదు. లండన్‌లో ఉన్నవాళ్ళకు అగస్త్యుడు ఏనాడూ ఉదయించడు. ఉత్తరాన ధ్రువుణ్ణి కిందికి దించిన ఈ నేలే దక్షిణాది చుక్కల్ని మనకు పైకెత్తి చూపిస్తోంది.

కల్లు ముంత పాఠం

రాత్రి ఎనిమిదికి స్టాండు బిగించాం. గట్టుమీదకు రాగానే మూడు నాలుగు వందల చుక్కలు కనిపించాయనుకుంటే, అరగంటయ్యేసరికి వాటి సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. చుక్కలు పెరగలేదు, మన కన్ను చీకటికి అలవాటుపడింది. కంటిపాప విచ్చుకోవడానికి కొన్ని సెకన్లు చాలు. కంటి వెనక పొరలో మసక వెలుతురును పట్టే రొడాప్సిన్ అనే పదార్థం తిరిగి కూడుకోవడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి సెల్‌ఫోన్ తెర చూస్తే ఆ కూడబెట్టినదంతా పోతుంది. అందుకే టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోవాలి. ఎర్రటి వెలుతురు ఆ పదార్థాన్ని అంతగా చెరపదు.

అయినా కంటికో హద్దుంది. అది వెలుతురును దాచుకోలేదు. సెకనులో పదోవంతు కాలంలో వచ్చిన కాంతితో ఒక బొమ్మ కట్టి, దాన్ని వదిలేసి, మరో బొమ్మకు వెళ్ళిపోతుంది. అలా కాకపోతే ఎగిరే పిట్టను చూడలేం, నడిచే దారిని చూడలేం.

కెమెరా అలా వదలదు. దీన్ని ఆ కుర్రాడికి కల్లు ముంతతో చెప్పాను. తాటిగెల గీతనుంచి కల్లు బొట్టుబొట్టుగా కారుతుంది. కింద దోసిలి పడితే వేళ్ళసందుల్లోంచి జారిపోతుంది. ముంత కట్టి వస్తే తెల్లారేసరికి నిండుతుంది. చెట్టు అదే, బొట్టూ అదే. తేడా ముంతలోనూ రాత్రంతా ఉంచడంలోనూ ఉంది. కన్ను దోసిలి, కెమెరా సెన్సరు ముంత.

లెక్క వేసి చూడండి. చీకట్లో విప్పారిన కంటిపాప వెడల్పు సుమారు 7 మిల్లీమీటర్లు. 50 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్ 1.8 దగ్గర పూర్తిగా తెరిస్తే దాని నోరు 28 మిల్లీమీటర్లు. వెడల్పు నాలుగు రెట్లు కాబట్టి వైశాల్యం పదహారు రెట్లు. షట్టరు ఆరు సెకన్లు తెరిచి ఉంచితే కంటికంటే అరవై రెట్ల సమయం. పదహార్లు అరవై, 960. పెళ్ళిళ్ళు తీసే మామూలు లెన్సు ఆరు సెకన్లలో కంటికంటే దాదాపు వెయ్యి రెట్ల కాంతిని కూడబెడుతుంది.

మరి ఆరు సెకన్లతో ఎందుకు ఆపాలి? భూమి తిరుగుతోంది కాబట్టి. ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. స్టాండు మీద కెమెరా కదలదు, చుక్క కదులుతుంది. ఎక్కువసేపు తెరిస్తే చుక్క గీతవుతుంది. దీనికి ఫొటోలు తీసేవాళ్ళు వాడే మోటు సూత్రం ఒకటుంది. 500ను లెన్సు మిల్లీమీటర్లతో భాగిస్తే వచ్చినన్ని సెకన్లు. 50కి పది సెకన్లు. చిన్న సెన్సరున్న కెమెరాకు ఇంకా తగ్గించి ఆరో ఏడో పెట్టుకోవాలి.

మృగశిర మెడలో మబ్బు

ఫోకసు కుదర్చడమే మొదటి గండం. చీకట్లో ఆటోఫోకస్ పనిచెయ్యదు. దాన్ని ఆపేసి, లైవ్ వ్యూలో లుబ్ధకాన్ని పెద్దది చేసి, చుక్క అతి చిన్నగా కనిపించేదాకా చేత్తో రింగు తిప్పాలి. తర్వాత ఆ రింగుకు టేపు అంటించేశాం. షట్టరు నొక్కేటప్పుడు చెయ్యి తగిలి అదరకుండా సెల్ఫ్ టైమర్ పెట్టాం. ఐఎస్‌ఓ 1600.

అప్పటికి మృగశిర, ఆరుద్ర ఉన్న వేటగాడి రాశి దాదాపు నడినెత్తిన ఉంది. ఈ పేర్లు మన రైతులకు కార్తెలుగా తెలుసు. మృగశిర కార్తె అంటే తొలకరి. నిజానికి ఆ కార్తెలో ఆ నక్షత్రాన్ని ఎవరూ చూడలేరు. సూర్యుడు ఆ నక్షత్రం ఉన్న చోటికి చేరిన రోజులే ఆ కార్తె కనక, అది పగటి వెలుగులో మునిగి ఉంటుంది. జూన్‌లో వాన పేరుగా పిలిచే చుక్కను కంటితో చూడాలంటే మాఘమాసం సాయంత్రం తలెత్తాలి.

మొదటి ఆరు సెకన్ల ఫొటో కెమెరా వెనక తెరమీద పడింది. ఆరుద్ర నారింజ రంగులో, వేటగాడి పాదం దగ్గరి రైజెల్ నీలితెలుపులో ఉన్నాయి. మసక వెలుతురులో కంటికి రంగులు సరిగా తెలియవు, సెన్సరుకు తెలుస్తాయి. మూడు చుక్కల నడికట్టు కింద, కంటికి చెరిపిన సున్నంచుక్కలా కనిపించిన చోట గులాబీ రంగు మబ్బు తేలింది. అదే ఒరాయన్ నెబ్యులా. నక్షత్రాలు పుడుతున్న హైడ్రోజన్ మేఘం. దూరం సుమారు 1,350 కాంతి సంవత్సరాలు. వేంగిని తూర్పు చాళుక్యులు ఏలుతున్న రోజుల్లో అక్కడ బయలుదేరిన వెలుగు ఆ రాత్రి వశిష్ఠ గట్టుమీద మా సెన్సరులో పడింది.

ఈ మేఘాన్ని మొదటిసారి ఫొటో తీసినవాడు అమెరికాకు చెందిన హెన్రీ డ్రేపర్. 1880 సెప్టెంబరు 30న, 51 నిమిషాల ఎక్స్‌పోజర్‌తో. తర్వాత 1883లో లండన్ శివారు ఈలింగ్‌లో ఏన్స్లీ కామన్ తన ఇంటి పెరట్లోని 36 అంగుళాల అద్దంతో ఇదే మేఘాన్ని తీశాడు. ఆయన వృత్తి ఇంజనీరింగ్. ఆకాశం ఆయన ఇష్టం. ఎంత పెద్ద టెలిస్కోపులోనైనా కంటికి కనపడని నక్షత్రాలు ఆ ప్లేటు మీద పడ్డాయి. అంతవరకు ఫొటో అంటే చూసినదాన్ని గుర్తుపెట్టుకునే సాధనం. ఆ పెరటి ఫొటోతో అది చూడలేనిదాన్ని చూపే సాధనమైంది.

మన దగ్గర కూడా ఆకాశాన్ని పరిశీలించే విద్య ఇంటి ఆవరణల్లోనే మొదలైంది. 1840 ప్రాంతంలో విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు సొంత వేధశాల పెట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని పెంచి, 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని అక్కణ్ణుంచే పరిశీలించారు. హైదరాబాదులో 1901లో నవాబ్ జఫర్ జంగ్ తన ఎస్టేటులో నెలకొల్పిన వేధశాల తర్వాత నిజామియా అయింది. ప్రపంచ దేశాలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని ఫొటోల్లో పటం గీసినప్పుడు, దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ మన నిజామియా వాటాకొచ్చింది. వృశ్చికం తల ఆ పట్టీలోదే. జమీందారు తోటలోనూ, నవాబు ఎస్టేటులోనూ దొరికిన పనిముట్టు ఇవాళ పల్లెటూరి స్టూడియో బీరువాలో ఉంది.

హోరులో పిలుపు

ఒక్క ఫొటోను పెద్దది చేస్తే బియ్యంలో రాళ్ళలా ఎర్రవి, పచ్చవి, నీలివి నలకలు కనిపిస్తాయి. అది సెన్సరు రొద. దాన్ని అణచాలంటే ఒకే దృశ్యాన్ని మళ్ళీమళ్ళీ తీసి, ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు కట్టాలి.

అంతర్వేది తీర్థంలో జనం హోరు తెలిసిందే కదా. ఆ హోరులో తప్పిపోయిన బిడ్డను తల్లి ఒక్కసారి పిలిస్తే వినపడదు. అదే పేరు నూరుసార్లు పిలిస్తే, హోరు ఒక్కో క్షణం ఒక్కోలా మారుతున్నా, పేరు మాత్రం మారదు కాబట్టి చెవికి అందుతుంది. నూరు ఫొటోలు పేరిస్తే చుక్క నూరుసార్లూ చుక్కే, నలక మాత్రం ప్రతిసారీ వేరేచోట. రొద నూరుకి వర్గమూలం చొప్పున, అంటే పదో వంతుకు తగ్గుతుంది. చుక్కల్ని సరిచూసి పేర్చే పనిని డీప్‌స్కైస్టాకర్, సిరిల్ వంటి ప్రోగ్రాములు కంప్యూటరులో ఉచితంగానే చేసిపెడతాయి.

తొమ్మిదిన్నరకు ఫొటోల్లో చుక్కలు మసకబారి, చుట్టూ దూది కట్టినట్టయ్యాయి. ఫోకసు తప్పిందనుకున్నాం. టార్చి వేసి చూస్తే లెన్సు మీద మంచు తడి. బండి సీటు కూడా తడిసింది. కొబ్బరిచెట్టు కింద పెట్టిన చాప మాత్రం పొడిగా ఉంది. ఈ తేడాలోనే కారణం ఉంది. మంచు పైనుంచి కురవదు. ప్రతి వస్తువూ రాత్రంతా తన వేడిని ఆకాశంలోకి వదులుతుంది. తేటగా ఉన్న ఆకాశం ఆ వేడిని తిరిగి ఇవ్వదు కాబట్టి లెన్సు గాలికంటే చల్లబడి, గాలిలోని ఆవిరి దానిమీద నీరవుతుంది. చెట్టు కిందైతే మట్టలు ఆ వేడిలో కొంత వెనక్కి పంపుతాయి. విలియం వెల్స్ అనే వైద్యుడు 1814లో ఈ సంగతిని ప్రయోగాలతో నిరూపించాడు. మేం నల్ల డ్రాయింగు అట్టను లెన్సు చుట్టూ జానెడు గొట్టంలా చుట్టి, లెన్సుకు కనపడే ఆకాశాన్ని కుదించాం. తడిని బట్టతో తుడవకుండా కొడుకును ఎత్తుకున్నట్టు కెమెరాను శాలువాలో పెట్టుకుని ఆరనిచ్చాడు ఆ కుర్రాడు.

వశిష్ఠుడి పక్కన

పదిన్నరకు ఈశాన్యంలో సప్తర్షులు తోటల తలలమీదకు వచ్చారు. గోదావరి పాయలకు మనవాళ్ళు ఋషుల పేర్లు పెట్టుకున్నారు. మేం కూర్చున్నది వశిష్ఠ ఒడ్డున. ఏడుగురిలో తోక చివరినుంచి రెండో చుక్క వశిష్ఠుడు. దాన్ని అంటిపెట్టుకుని చిన్న చుక్క అరుంధతి. మధ్య దూరం డిగ్రీలో అయిదోవంతు, అంటే చందమామ వెడల్పులో సగంకంటే తక్కువ. పాశ్చాత్యులు వీటిని మిజార్, ఆల్కర్ అంటారు. రెండూ మనకు ఎనభై కాంతి సంవత్సరాలకు కాస్త పైబడిన దూరంలో ఉన్నాయి.

కెమెరా అటు తిప్పాం. ఆరు సెకన్లు. కుర్రాడు ఫొటోను పెద్దది చేసుకుంటూ వెళ్ళాడు. వశిష్ఠుడికీ అరుంధతికీ మధ్య నలభైకి పైగా పిక్సెళ్ళ ఎడం. ఇద్దరూ విడివిడిగా, స్పష్టంగా ఉన్నారు. అతను ఇంకా పెద్దది చేశాడు. వేలు తెరమీద ఆగింది.

"మధ్యలో ఈ చుక్కెవరండీ మాస్టారూ?"

కంటితో చూస్తే అక్కడేమీ లేదు. ఫొటోలో ఇద్దరికీ కాస్త పక్కగా, చిన్న త్రికోణం కట్టినట్టు, మూడో చుక్క ఉంది. "నలకేమోనండి" అన్నాడు తనే. నలకో చుక్కో తేల్చుకునే దారి కూడా అతనికే తట్టింది. రెండు నిమిషాలు ఆగి మళ్ళీ తీశాడు. రొద నలకైతే మాయమవ్వాలి, సెన్సరులోనే లోపమైతే ఫ్రేములో ఉన్నచోటే ఉండాలి. ఈలోగా భూమి తిరిగి వశిష్ఠుడు, అరుంధతి ఫ్రేములో జరిగారు. వాళ్ళతోపాటే ఆ మూడోదీ జరిగింది. త్రికోణం చెక్కుచెదరలేదు. "ఆయ్, చుక్కేనండి!" అన్నాడు.

చుక్కే. 1722లో జర్మనీలో లీబ్‌నెక్ట్ అనే ఆచార్యుడు టెలిస్కోపులో దాన్ని చూసి, కొత్త గ్రహమనుకుని, తన ప్రభువు లుడ్విగ్ పేరు పెట్టాడు. అది గ్రహం కాదు. వశిష్ఠ అరుంధతులకు సంబంధం లేకుండా, వాళ్ళ వెనక ఎంతో దూరాన ఉన్న నక్షత్రం. ఆ ఆచార్యుడి తప్పుకు కారణం ఒకటే, కదిలిందో లేదో తేల్చే కొలత సరిగా లేకపోవడం. ఆ రాత్రి మా కుర్రాడు చేసింది అలాంటి కొలతే.

అరుంధతి జంటకు ఫొటోల చరిత్రలో కూడా గొప్ప చోటుంది. సూర్యుణ్ణి పక్కనపెడితే మొట్టమొదట ఫొటోకెక్కిన నక్షత్రం అభిజిత్తు. హార్వర్డ్ వేధశాలలో 1850 జూలై 17న, వంద సెకన్ల ఎక్స్‌పోజర్‌తో. అక్కడే 1857లో జార్జి బాండ్ బృందం తడి ప్లేటు మీద తీసిన జంట నక్షత్రం మిజార్, పక్కన ఆల్కర్. అంటే మన వశిష్ఠ అరుంధతులే. చిన్న టెలిస్కోపులో చూస్తే వశిష్ఠుడే రెండుగా విడిపోతాడు. ఆ రెండిట్లో ప్రతిదీ మళ్ళీ జంటే. అరుంధతికి కూడా మసక జోడు ఉందని 2009లో తేలింది. కంటికి రెండుగా కనిపించేవి నిజానికి ఆరు.

చీకటిని కాపాడుకుందాం

ఇదంతా ఎన్నాళ్ళు కనపడుతుందన్నది మన చేతుల్లోనే ఉంది. కోనసీమలోనే పాశర్లపూడి గ్యాసు బావిలో 1995 జనవరి 8న లేచిన మంట 65 రోజులు మండింది. అది ప్రమాదం, ఆర్పారు. ఇప్పుడు చెరువు గట్లమీద, వీధి స్తంభాలమీద, ఇంటి డాబాలమీద మనం వెలిగిస్తున్న తెల్లటి ఎల్‌ఈడీలు ఏ రాత్రీ ఆరవు. వాటి కాంతిలో నీలం పాలు ఎక్కువ. నీలం గాలిలో ఎక్కువగా చెదిరి ఆకాశాన్నే తెల్లబరుస్తుంది. ప్రపంచ జనాభాలో మూడోవంతుకు పాలపుంత కనపడటం లేదని 2016లో లెక్కతేలింది. లడఖ్‌లోని హాన్లేను 2022లో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించి, ఊరి దీపాలకు మూతలు పెట్టారు. మన పల్లెలకు ఏ ప్రకటనా అక్కర్లేదు. దీపం పైన రేకు మూత, కిందికి మాత్రమే పడే పసుపు వెలుగు, అవసరం లేనప్పుడు ఆర్పే స్విచ్చి చాలు. దారీ కనపడుతుంది, చుక్కలూ కనపడతాయి.

ఆ తర్వాతి ముహూర్తంలో మా కుర్రాడు ఒక పెళ్ళి తీశాడు. ఆల్బమ్‌లో అరుంధతీ దర్శనం పేజీకి ఎదురు పేజీలో, వధూవరుల పేర్ల కింద, వశిష్ఠ గట్టున తీసిన ఫొటో పెట్టాడు. పెద్ద చుక్క, చిన్న చుక్క, మధ్యలో కంటికందని మూడోది. మీ ఇంట్లో పెళ్ళి జరిగితే మీ ఫొటోగ్రాఫరును ఆ ఒక్క ఫొటో కూడా అడగండి. మాఘం నుంచి ఆషాఢం దాకా రాత్రివేళల్లో అరుంధతి ఆకాశంలో ఉంటుంది. పందిట్లో దీపాలు ఒక్క నిమిషం ఆర్పితే, ఆరు సెకన్లలో ఫొటోలో పడుతుంది.